తెలుగు చదివి ఇంగ్లీషు చెప్పడానికి వెళ్దామా?

మన డిపార్ట్‌మెంట్లో కొందరికి ఒక కోరిక ఉంది. చదువయ్యాక ఏదైనా దేశం వెళ్లి ఇంగ్లీషు టీచరుగా పనిచేయాలని. కాని ఎవరూ పైకి చెప్పరు. తెలుగు ఆనర్స్ పిల్ల ఆ మాట అంటే "మరి తెలుగులో ఎందుకు చేరావమ్మా?" అని ఒకరు అడుగుతారు, ఇంగ్లీషు ఆనర్స్ వాళ్లు మూతి తిప్పుకుని నవ్వుతారు. ఇంట్లో సంగతి సరేసరి. "పెళ్లి చేసుకుని ఎక్కడికైనా వెళ్లు" అన్నది ఇంటింటా సిద్ధంగా ఉన్న జవాబు.

నా మట్టుకు నాకు ఆ కోరికలో తప్పేమీ కనబడదు. తెలుగు చదివినవాళ్లకి అది అందని కోరిక కూడా కాదంటాను. ఎందుకంటున్నానో కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు ఊరు విడిచి వెళ్లే సంగతి. గంజాం జిల్లాకి వలస కొత్తేమీ కాదు. ఒకప్పుడు గోపాల్‌పూర్ రేవులో స్టీమరెక్కి రంగూన్ వెళ్లేవారు. బర్మాలో తెలుగువాళ్లని కోరంగీలు అనేవారు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద. ఇప్పుడు రైలెక్కి సూరత్ మరమగ్గాలకి వెళ్తున్నారు. మన బరంపురంలో పుట్టిన వి.వి.గిరి గారు 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్లారు. అప్పటికి ఆయనకి ఇరవయ్యేళ్లు నిండలేదు. కూలికి వెళ్లినవాళ్లున్నారు, చదువుకి వెళ్లినవాళ్లున్నారు. ఆడపిల్ల ఒక్కతే, తన పేరు మీద వచ్చిన ఉద్యోగపు కాగితం పట్టుకుని వెళ్లడం, అదిగో అదే మనవాళ్లకి మింగుడుపడదు. భర్త వీసా మీద డిపెండెంటుగా వెళ్తే భయం లేదట, సొంత వీసా మీద వెళ్తే భయమట! ఈ లెక్క నాకెప్పుడూ తేలలేదు.

రెండోది, "మన ఇంగ్లీషు ఎవరికి కావాలే?" అన్న అనుమానం. దానికి ఆధారం లేకపోలేదు. దక్షిణ కొరియా ఇంగ్లీషు టీచరు వీసాని మామూలుగా ఏడు దేశాలవాళ్లకే ఇస్తుంది: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఒప్పందం వల్ల మనవాళ్లకీ కొంచెం దారి దొరికింది. అయితే బడిలో అసిస్టెంటు టీచరుగానే, అదీ టీచరు అర్హత ఉన్నవాళ్లకి. పాస్‌పోర్టు రంగు చూసి టీచర్ని ఎంచడం నా లెక్కలో అన్యాయమే.

కాని లోకమంతా కొరియా కాదు కదా. ఇథియోపియాలో హైలే సెలాసీ చక్రవర్తి కాలం నుంచే మన దేశపు టీచర్లు పాఠాలు చెప్పారు. అక్కడ హైస్కూలు చదువు ఇంగ్లీషులోనే. భూటాన్‌లోనూ మాల్దీవుల్లోనూ బళ్లు ఇంగ్లీషు మీడియమే, అక్కడికీ మనవాళ్లు వెళ్తూనే ఉన్నారు. లిబియా, యెమెన్ కాలేజీలకి కూడా మన దేశం నుంచి ఇంగ్లీషు లెక్చరర్లు వెళ్లారు. తరవాత గొడవలొచ్చి 2011లో లిబియా నుంచీ, 2015లో యెమెన్ నుంచీ మన ప్రభుత్వమే వేలమంది భారతీయుల్ని వెనక్కి తీసుకురావలసి వచ్చింది. కాబట్టి ఏ దేశం అన్నది జీతం ఒక్కటే చూసి తేల్చుకునే విషయం కాదు.

ఇప్పుడు నేను అసలు చెప్పదలుచుకున్నది. ఇంగ్లీషు ఇంట్లో పుట్టి పెరిగిన టీచరుకి, పిల్లవాడు ఎక్కడ తట్టుకుని పడతాడో కనబడదు. ఆమె ఎప్పుడూ అక్కడ పడలేదు. మనం పడ్డాం. పైగా తెలుగు వ్యాకరణం చదువుతున్నాం గనక ఎందుకు పడ్డామో కూడా చెప్పగలం.

చిన్న ఉదాహరణ. మనకి "నాకు ఆకలేస్తోంది". బజారులో ఒడియాలో "మొతే భొకొ లాగుచి". రెండింట్లోనూ ఆకలే వచ్చి మన మీద పడుతుంది. ఇంగ్లీషులో మాత్రం "ఐ యామ్ హంగ్రీ", నేనే ముందు నిలబడాలి. ఈ తేడా మనం రోజూ వీధి దాటినంత తేలిగ్గా దాటుతున్నాం, గమనించం అంతే.

ఇంకోటి. మనకి మనం, మేము రెండూ ఉన్నాయి. ఇంగ్లీషుకి ఒక్క "వీ"తోనే సరి. ఇండోనేషియా భాషలోనూ మనలాగే రెండున్నాయి, మనం అనడానికి "కితా", మేము అనడానికి "కామీ". అక్కడి పిల్లవాడు "వీ" దగ్గర ఆగిపోతే, ఎందుకాగాడో తెలుగు పిల్లకి ఇట్టే తెలుస్తుంది. కొరియన్‌లో, జపనీస్‌లో, ఇథియోపియా వాళ్ల అమ్హారిక్‌లో కూడా క్రియ వాక్యం చివరికే వస్తుంది, అచ్చం మన తెలుగులాగే. ఎ, ఎన్, ది అనే తంటా కొరియన్‌కీ జపనీస్‌కీ లేదు, మనకీ లేదు. ఇంగ్లీషు ఆనర్స్ స్నేహితురాళ్లు కోప్పడకపోతే ఒక మాట: షేక్‌స్పియర్ బాగా తెలిసినంత మాత్రాన ఇవన్నీ తెలియవు. కర్త, కర్మ, క్రియ అని మనం విసుక్కుంటూ రాసిన నోట్సు అక్కడ పనికొస్తుంది.

ఇది కొత్త సంగతేం కాదు, మన జిల్లాలోనే పాతది. గిడుగు రామమూర్తి గారు పనిచేసిన పర్లాకిమిడి అప్పట్లో గంజాం జిల్లాలోదే. సవర పిల్లలకి చదువు చెప్పాలంటే ముందు తను సవర నేర్చుకోవాలి అనుకున్నారాయన. నేర్చుకున్నారు, వాచకాలు రాశారు, వ్యాకరణం, నిఘంటువు కూడా తయారుచేశారు. (1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఆయన ఆ ఊరే విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. అది వేరే బాధ, వేరే వ్యాసం.) ఆయన్ని వాడుకభాష వైపు తిప్పిన ప్రశ్న కూడా ఒక పరాయి దేశపు మనిషి నుంచే వచ్చింది. జె.ఎ.యేట్స్ అనే ఇంగ్లీషు దొర బళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చి, తెలుగు నేర్చుకుంటూ, పుస్తకంలో తెలుగుకీ జనం నోట్లో తెలుగుకీ ఇంత తేడా ఎందుకుందని అడిగాడు. పైనుంచి వచ్చినవాడు గనక అతనికి కనబడింది. ఇక గురజాడ వారు విజయనగరం కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పినాయనే. అందువల్ల తెలుగుకి ఏం లోటొచ్చిందో చెప్పండి!

ఇంత చెప్పానని రేపే పెట్టె సర్దేయకండి. ఇంగ్లీషు రావడం వేరు, నేర్పడం వేరు. తెలుగు డిగ్రీ ఒక్కటే చూపిస్తే ఏ బడీ తీసుకోదు. ఎలక్టివ్‌గా ఇంగ్లీషు ఉండాలి, ఆపైన ఇంగ్లీషు మెథడ్‌తో రెండేళ్ల బి.ఎడ్., వీలైతే ఎం.ఏ. ఫోనుల్లో "120 గంటల సర్టిఫికెట్టు" అని ప్రకటనలు వస్తుంటాయి. కేంబ్రిడ్జి వాళ్ల సెల్టా కోర్సు కూడా కనీసం 120 గంటలదే. అయితే అందులో నిజమైన విద్యార్థుల ముందు నిలబడి 6 గంటలు పాఠం చెప్పాలి, వెనకాల ఒకరు కూర్చుని తప్పులు రాసుకుంటారు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే చాలావాటిలో ఆ ఆరు గంటలే ఉండవు. గంటల అంకె ఒకటేనని మోసపోవద్దు. మన దేశంలోనే కావాలంటే హైదరాబాదులో ఇఫ్లూ ఉంది, ఇంగ్లీషు టీచర్ల శిక్షణ కోసమే 1958లో పెట్టిన సంస్థ.

ఏజెంట్ల సంగతి కొంచెం కటువుగానే చెప్పాలి. విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టరయిన ఏజెంటు మన దగ్గర తీసుకోదగ్గ ఫీజు 30,000 రూపాయలు, దాని మీద జి.ఎస్.టి. లక్షల్లో అడిగితే అక్కడితో నమస్కారం పెట్టి లేచొచ్చేయండి. "టూరిస్టు వీసా మీద ముందు వెళ్లండి, అక్కడ మార్పిస్తాం" అన్నా అంతే. ఇంకో చిక్కుంది. పది పాసయిన మనలాంటివాళ్ల పాస్‌పోర్టుకి ఎమిగ్రేషన్ క్లియరెన్సు అవసరం లేదు. అది సౌకర్యమే, కాని మన కాంట్రాక్టుని ప్రభుత్వం తరఫున ఎవరూ చదవరని కూడా దాని అర్థం. చదవాల్సింది మనమే. ఉండే గది ఎవరిస్తారు, వారానికి ఎన్ని పీరియడ్లు, తిరుగు టికెట్టు ఎవరిది, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది, ఇవన్నీ కాగితం మీద ఉండాలి.

మన మేడమ్‌లు ఒకటి అడుగుతారని తెలుసు. "గంజాంలో తెలుగు బళ్లలో పిల్లలు తగ్గిపోతున్నారు, మీరూ వెళ్లిపోతే ఇక్కడ ఎవరు చెబుతారు?" న్యాయమైన ప్రశ్న. నా దగ్గర పూర్తి జవాబు లేదు. కాని ఇక్కడ పోస్టు పడేదాకా ప్రైవేటు బళ్లో బస్సు ఛార్జీలకి చాలీచాలని జీతానికి ఐదేళ్లు గడిపి, ఆపైన పెళ్లయి మానేసిన అక్కలు మన వీధివీధికీ ఉన్నారు. వాళ్లని ఇక్కడే ఉంచుకుని మనం తెలుగుకి ఏం చేసినట్టు? ఒక కాంట్రాక్టు రెండేళ్లు అనుకుందాం. మనకి ఆ లెక్క బాగా తెలుసు, ఒక ఠాకురాణి యాత్ర నుంచి ఇంకో యాత్ర దాకా. వెళ్లిన పిల్ల యాత్రకి వస్తుంది. నాలుగు భాషలతో వచ్చిన టీచరు మళ్లీ ఇక్కడి బళ్లో చేరితే పిల్లలు పారిపోతారా?

అందుకని ఒక మనవి. ఇంగ్లీషు డిపార్ట్‌మెంటు వాళ్లతో కలిసి శనివారం సాయంత్రాలు ఒక గంట పెట్టుకుందాం. వాళ్ల వ్యాకరణం, మన వ్యాకరణం పక్కపక్కన పెట్టి చూడటం, ఒక్కొక్కరు పది నిమిషాలు పాఠం చెప్పడం, మిగతావాళ్లు తప్పులు రాసుకోవడం. రెండు డిపార్ట్‌మెంట్ల మేడమ్‌లూ ఒప్పుకుంటే వచ్చే నెలలోనే మొదలుపెట్టవచ్చు. వస్తామనేవాళ్లు ఈ పత్రిక కింద అంటించిన తెల్లకాగితం మీద పేరు, క్లాసు రాయండి. ఇంగ్లీషు ఆనర్స్ వాళ్లు కూడా రాయొచ్చు, నవ్వకుండా.