కొలతకు అందని దారి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు వెళ్లి స్టీరింగు పట్టినవారు ఎందరో. బీర్పూర్ వంటి చోట్ల వారి పిల్లల్లో కొందరు నేడు కంప్యూటరుపై లారీలు నడుపుతున్నారు.

ప్రేగ్ నగరంలోని ఎస్‌సీఎస్ సంస్థ 2012లో విడుదల చేసిన ‘యూరో ట్రక్ సిమ్యులేటర్ 2’లో స్కానియా, వోల్వో లారీలు అచ్చం అసలు బండ్లలాగే ఉంటాయి. మీటర్లు, గేర్లు, అద్దాలు, చివరకు ట్రెయిలరును వెనుకకు తిప్పేటప్పుడు పడే తంటా కూడా! బ్రిటన్‌లో ఎడమవైపు, ఫ్రాన్సు, జర్మనీలలో కుడివైపు నడపాలి. గల్ఫ్‌లోనూ కుడివైపే గనుక ఈ అభ్యాసం వ్యర్థమని నేననను.

అయితే బండి కొలత కుదిరింది గానీ దారి కొలత కుదరలేదు. ఐరోపా ప్రధాన భూభాగంలోని 19 కిలోమీటర్ల రహదారిని ఆ ఆట సుమారు ఒక్క కిలోమీటరుకు కుదించింది. నిద్ర వస్తే మీట నొక్కగానే విశ్రాంతి పూర్తవుతుంది. సరిహద్దు వద్ద లోడుతో గంటల తరబడి నిరీక్షణ, మండుటెండలో టైరు మార్చడం, రోడ్డు పక్కన చాప పరచి చేసుకునే నమాజు, ఇంటికి కలవని ఫోను, ఇవన్నీ ఆ కుదింపులోనే మాయమయ్యాయి. తండ్రి పడిన శ్రమలో అధికభాగం అదే కదా!

‘నేనూ డ్రైవరునవుతాను అబ్బా’ అనే కుమారుడికి క్యాబిన్ సంగతులు ముందే తెలుసు. మిగిలిన 18 కిలోమీటర్ల సంగతి తండ్రే చెప్పాలి. మన చట్టం ప్రకారం సరకు లారీ నడపడానికి 20 ఏళ్లు నిండాలి. అంతవరకు మాట్లాడుకోవడానికి వ్యవధి ఉంది.