వత్తి దించే వీలు లేని దీపం

మా పల్లెలో టార్చిలైటును టార్చి అనరు, "బ్యాటరీ" అంటారు. లోపల వేసేవి సెల్లులు. "బయట చీకటిగా ఉంది, బ్యాటరీ తీసుకో" అంటారు. బాగేపల్లి వైపు నుంచి వచ్చేవాళ్ళకి ఈ మాట కొత్త కాదు. చింతామణి అమ్మాయిలు కూడా ఇట్లే అంటారని హాస్టల్లో విన్నాను. మొదటి సంవత్సరంలో ఈ మాట అన్నందుకు నన్ను చూసి కొందరు నవ్వినారు. ఇప్పుడు నాకేమో ఆ పేరు పెట్టినవాళ్ళు తెలివైనవాళ్ళే అనిపిస్తుంది. వెలుగును చూసి కాదు, ఆ వెలుగును మోసేదాన్ని చూసి పేరు పెట్టినారు.

"తెలుగు గోడపత్రికలో బ్యాటరీ గురించి ఏం రాస్తావే?" అని నా పక్క మంచం అమ్మాయి అడిగింది. దసరా సెలవుల్లో మా ఇంట్లో జరిగింది చెప్తే, "ఇదే రాయి" అన్నది కూడా ఆమే.

మాది రేష్మె పురుగులు మేపే ఇల్లు. ఆ వారం పురుగులు నాలుగో జ్వరం లేసి, వేసిన ఆకు వేసినట్టు తినేస్తున్నాయి. అట్లాంటప్పుడు రాత్రి మేత తప్పించడానికి లేదు. సాయంత్రం గాలికి లైను తెగి ఊళ్ళో కరెంటు పోయింది. గాలే గానీ వాన మాత్రం ఒక్క చినుకు పడలేదు. అమ్మ కొత్త చార్జింగు బ్యాటరీని షెడ్డు దూలానికి వేలాడదీసింది. దాని వెలుగు కారు లైటు మాదిరి ఉంటుంది. పురుగుకు అంత వెలుగు పడదు, మసక వెలుతురే ఇష్టం. మనిషికి కూడా కళ్ళు జిగేల్‌మని ఆకు మీద పురుగు కనిపించదు. మీట నొక్కితే దాంట్లో మూడు రకాలున్నాయి. ఒకటి ఎక్కువ, ఇంకొకటి ఇంకా ఎక్కువ, మూడోది టపటపా కొట్టుకునేది. ఆ మూడోది ఎవరికి కావాలో నాకు ఇంతవరకు తెలియలేదు. అమ్మ చేసేది లేక పాత ఓణీ చింపి దాని మూతికి నాలుగు మడతలు చుట్టింది. వెలుతురు చక్కగా సన్నబడింది. నడిరాత్రి దాటేదాకా అట్లే వేలాడింది.

ఒంటిగంటప్పుడు తోట లైనుకు త్రీ ఫేజు వచ్చిందని పక్క పొలమాయన కేక వేసినాడు. నాయన గుడ్డ విప్పేసి, ఆ బ్యాటరీనే పట్టుకొని మోటారు వేయడానికి పోయినాడు. తిరిగి వచ్చేటప్పుడు సగం దారిలో అది టక్కున ఆరిపోయింది. ముందుగా తగ్గడం, మసకబారడం ఏమీ లేదు. ఫోనులో చార్జి ఎప్పుడో అయిపోయింది. కట్టెతో నేల తట్టుకుంటూ గట్ల మీద నడిచి వచ్చినాడు. ఏమీ కాలేదు. కానీ ఆ అరగంట అమ్మ వాకిట్లోనే నిలబడింది. నేనూ నిలబడినాను.

ఆ అరగంట ఎంత పొడుగో మన పల్లెలవాళ్ళకి చెప్పనక్కర్లేదు. కట్లపాము తిరిగేది రాత్రిళ్ళే. మన దేశంలో పాముకాటుతో ఏడాదికి సగటున 58,000 మంది చనిపోతున్నారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. 2024 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం, ఆసుపత్రులు తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో పాముకాటును చేర్చింది. జాబితా మంచిదే. కానీ గట్టు మీద నడిచే మనిషి చేతిలో ఉండాల్సింది వెలుతురు.

సెలవులైపోయి హాస్టలుకి వచ్చినాక నాకు తట్టింది, అసలు కథంతా ఆ ఓణీ గుడ్డలో ఉంది. గుడ్డ వెలుతురును ఆపింది గానీ ఖర్చును ఆపలేదు. లోపల ఎల్ఈడీ నిండుగానే వెలిగింది. ఆ వెలుగులో ఎక్కువ భాగం గుడ్డలోనే పోయింది. మా అవ్వ లాంతరుకు పక్కన చిన్న చక్రం ఉండేది. "వత్తి దించు" అంటే వెలుగూ తగ్గేది, కిరసనాయిలూ మిగిలేది. పడుకునేటప్పుడు దించి మూలన పెట్టేవాళ్ళు. రాత్రి పసిబిడ్డ ఏడిస్తే పైకి తిప్పేవాళ్ళు. నీలి ఎల్ఈడీ కనిపెట్టినందుకు 2014లో ముగ్గురికి నోబెల్ బహుమతి ఇచ్చినారు, తెల్లటి ఎల్ఈడీ వెలుగు దాన్నుంచే వచ్చింది. అంత గొప్ప దీపం మన సంతకు వచ్చేసరికి దానికి వత్తి దించే చక్రం లేకుండా పోయింది.

నా అభిప్రాయం ఇది. బ్యాటరీ కొనేటప్పుడు మనం మొదట అడగాల్సింది "ఎంత దూరం పడుతుంది?" అని కాదు. "అన్నిటికంటే సన్నగా పెడితే ఎన్ని రాత్రులు వస్తుంది?" అని.

ఈ ప్రశ్నకు జవాబు మనం అనుకునేదానికంటే చాలా పెద్దది. పాతకాలం బల్బును సన్నగా వెలిగిస్తే దాని తీగ ఎర్రబడి, కరెంటంతా వేడికే పోయేది. ఎల్ఈడీ అట్లా కాదు. కరెంటు తగ్గిస్తే, కొంత మేర వరకు, అదే కరెంటుకు ఇంకా ఎక్కువ వెలుగిస్తుంది. సెల్లు గుణం కూడా అంతే. మంచి ఆల్కలైన్ పెన్సిల్ సెల్లులో సుమారు 2,500 మిల్లీ యాంపియర్ గంటల సత్తువ ఉంటుంది. దాన్నుంచి 500 మిల్లీ యాంపియర్లు లాగితే లెక్క ప్రకారం ఐదు గంటలు రావాలి గానీ మూడు వస్తే గొప్ప. అదే ఐదు మిల్లీ యాంపియర్లే లాగితే లెక్క తప్పదు, ఐదు వందల గంటలు, అంటే ఇరవై రోజులు. మన అంగళ్ళలో దొరికే చవక రకం జింక్ కార్బన్ సెల్లుల్లో ఈ తేడా ఇంకా ఎక్కువ. గట్టిగా లాగితే తొందరగా చేతులెత్తేస్తాయి, మెల్లగా లాగితే ఓపిగ్గా ఇస్తాయి. ఖరీదైన సెల్లు కొనలేని ఇంటికే సన్నటి వెలుగు ఎక్కువ లాభం అన్నమాట.

సన్నగా అంటే ఎంత సన్నగా? దీనికి మనందరికీ తెలిసిన కొలత ఒకటి ఉంది, వెన్నెల. నిండు పున్నమి వెన్నెల నేల మీద సుమారు పావు లక్సు ఉంటుంది. ఒక చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ వెలుగు పడితే ఒక లక్సు. అంటే ఐదు ల్యూమెన్ల వెలుగును ఇరవై చదరపు మీటర్ల మీద సమంగా పరిస్తే అది పున్నమి వెన్నెలే. పున్నమి రాత్రి మనం వాకిట్లో అన్నం తింటాం, పక్కలు వేసుకుంటాం, మనిషిని గుర్తుపడతాం. షెడ్డులో ఆకు పరచడానికి దీనికి ఇంకొంచెం కలిపితే చాలు. గట్టు మీద నడకకు మాత్రం ఇది చాలదు. అక్కడ పెద్ద వెలుగే కావాలి, ఒప్పుకుంటాను. కానీ ఆ పెద్ద వెలుగు అవసరమైన పదినిమిషాలకు సెల్లులో ప్రాణం మిగలాలంటే మిగతా రాత్రంతా వెన్నెలతో సరిపెట్టుకునే వీలుండాలి కదా.

పుస్తకంలో చదివి ఊరుకోకుండా నేను ఒక పరీక్ష పెట్టినాను. ఒక్క పెన్సిల్ సెల్లుతో నడిచే చిన్న బ్యాటరీ కొన్నాను. అన్నిటికంటే తక్కువలో మూడు ల్యూమెన్లు, 60 గంటలు అని దాని పెట్టె మీద ఉంది. శుక్రవారం రాత్రి ఎనిమిదికి వెలిగించి నా ట్రంకుపెట్టెలో పెట్టినాను. ఆదివారం రాత్రి ఎనిమిదికి తెరిచి చూస్తే ఆ వెలుగులో పాఠ్యపుస్తకం చదవగలిగినాను. సోమవారం తెల్లవారి ఆరుకు పాఠం పేరు మాత్రమే కనిపించింది, లోపలి అక్షరాలు లేవు. రాత్రి పదికి మిణుగురు మాదిరి ఇంకా ఉంది. మంగళవారం పొద్దున లేదు. మా రూములో అందరూ నాకు పిచ్చి పట్టిందనుకున్నారు.

పెట్టె మీద రాసింది అబద్ధమా? కాదు. 2009లో అమెరికాలో ఎఫ్ఎల్1 అనే ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం మొదటి వెలుగు పదో వంతుకు పడిపోయేదాకా గడిచిన కాలమే నడిచే కాలం. కాబట్టి "60 గంటలు" అంటే 60 గంటలూ ఒకే వెలుగు అని కాదు. వెలుగుతూ ఉండటం వేరు, వెలుగునివ్వడం వేరు. దూరం సంగతి ఇంకా తమాషా. అదే ప్రమాణంలో "500 మీటర్ల దూరం" అంటే, అంత దూరంలో పడే వెలుగు పావు లక్సు అని అర్థం. మళ్ళీ అదే వెన్నెల! అర కిలోమీటరు అవతల వెన్నెల కాయించే బ్యాటరీకి డబ్బు పోస్తున్నాం, ఇంట్లో వెన్నెల కాయించే బ్యాటరీ అడగడం లేదు.

చింతామణిలో ఒక అంగడిలో అడిగి చూసినాను. "సన్న వెలుగు ఎవరికి కావాలమ్మణ్ణీ? ఇది చూడు, నీళ్ళ ట్యాంకు మీద పడుతుంది" అన్నాడాయన. ఆయన్ని అని లాభం లేదు. మనం అడిగేదే ఆయన తెస్తాడు. ఎన్ని గంటలు వస్తుందని అడిగితే మాత్రం పెట్టె తిప్పి తిప్పి చూసినాడు. దాని మీద వాట్లు ఉన్నాయి, గంటలు లేవు.

నాకు సూటిగా తగిలిన ప్రశ్న మా క్లాసులోనే వచ్చింది. "మనవాళ్ళే ఎందుకు మసకలో సర్దుకోవాలి? పంపుసెట్లకు పగలే కరెంటు ఇవ్వమని అడగాలి గానీ" అన్నది ఒకామె. ఆమె మాట నిజం. కుసుమ్ పథకంలో పంపుసెట్ల లైన్లకు సోలారు కరెంటు ఇచ్చే ఏర్పాటు ఉంది, సోలారంటే పగలే కదా. అది అన్ని ఊళ్ళకూ రావాలని నేనూ అడుగుతాను. సన్న వెలుగు మంచిదన్నాను గదా అని అర్ధరాత్రి మోటారు వేయడం మంచిదైపోదు. కానీ ఆ కరెంటు వచ్చేదాకా రాత్రులు ఆగవు. "చార్జింగుది ఉండగా పొదుపెందుకు?" అని ఇంకొకామె అడిగింది. కరెంటు లేని రాత్రే దానితో పని, ఆ రాత్రే దానికి చార్జి పెట్టడానికి కరెంటు ఉండదు. పైగా చవక చార్జింగు బ్యాటరీల్లో కొన్నిటికి లోపల చిన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేస్తే కొన్ని వారాల్లోనే పాడైపోతుంది.

కొనేటప్పుడు ఇంకో సంగతి చూడండి. మీట నొక్కగానే మొదట సన్న వెలుగు రావాలి. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది, ఒక్కసారి జిగేల్‌మంటే అదంతా పోతుంది. సన్న వెలుగు కోసం పెద్ద వెలుగును దాటి పోవాల్సి వచ్చేది దండగ. మెత్తటి ఎలక్ట్రానిక్ మీట ఉన్నవి ఆర్పి పెట్టినా లోపల కొంచెం కొంచెం తాగుతూనే ఉంటాయి, నెలల తరబడి వాడకపోతే సెల్లు తీసి పెట్టుకోవాలి. అర ల్యూమెన్‌కు ఎన్నో వందల గంటలని రాసి ఉంటే కొంచెం ఆలోచించండి. అంత సన్నని వెలుగులో ఎల్ఈడీ తాగేదెంతో, దాన్ని నడిపే సర్క్యూటు తాగేది కూడా ఇంచుమించు అంతే కావచ్చు.

మూడు ల్యూమెన్ల దాన్ని, కొత్త సెల్లు వేసి, ఇంటికి పంపినాను. "ఇది చెడిపోయిందేమో, సన్నగా వస్తోంది" అని అమ్మ ఫోను చేసింది. రెండుసార్లు నొక్కితే పెద్దదవుతుందని చెప్పినాను. ఇప్పుడు షెడ్డులో ఆకు వేసేటప్పుడు మాత్రం ఇంకొక నొక్కు పెంచి, మిగతా వేళ సన్నగానే వేలాడదీస్తోందట. గుడ్డ కట్టడం మానేసింది.

మీ ఇంట్లో ఉన్న బ్యాటరీ సన్న వెలుగులో ఎన్ని గంటలు వస్తుందో తెలుసుకోవాలనుకునేవాళ్ళు తెచ్చి నాకివ్వండి. ట్రంకుపెట్టెలో పెట్టి, గంటలు లెక్కరాసి, వచ్చే గోడపత్రికలో ఈ మూలనే అంటిస్తాను. సెల్లులు మాత్రం మీవే.