ఎడమ రొమ్ము వెనకే గుండె: రేడియేషన్‌లో ఎలక్ట్రాన్ల అవసరం తీరిపోయిందా?

2022లో మన దేశంలో సుమారు 1.92 లక్షల మంది మహిళల్లో కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడిందని గ్లోబోకాన్ అంచనా. అదే ఏడాది 98 వేల మందికి పైగా ఈ వ్యాధితో చనిపోయారు. ఆపరేషన్ తర్వాత చాలామందికి రేడియేషన్ తప్పదు. క్యాన్సర్ ఎడమ వైపున ఉంటే మరో చిక్కు ఉంది. కిరణం వెళ్లే దారిని ఆనుకునే గుండె ఉంటుంది.

ఈ భయానికి ఎంత మూల్యం చెల్లించాల్సి వస్తుందో డెన్మార్క్ అనుభవం చెబుతుంది. అక్కడ 2003-07 మధ్య లింఫ్ గ్రంథులకు వ్యాధి పాకిన మహిళల్లో, కుడి వైపు క్యాన్సర్ ఉన్నవారికి ఛాతీ మధ్య ఎముక పక్కనున్న గ్రంథులకు కూడా రేడియేషన్ ఇచ్చారు. ఎడమ వైపు ఉన్నవారికి గుండె దెబ్బతింటుందని ఇవ్వలేదు. ఎనిమిదేళ్ల తర్వాత చూస్తే మొదటి వర్గంలో 75.9 శాతం, రెండో వర్గంలో 72.2 శాతం జీవించి ఉన్నారు. అలాగని గుండె భయం ఉత్తిది కాదు. గుండెకు తగిలే సగటు డోసు ఒక్క గ్రే పెరిగితే గుండెపోటు వంటి తీవ్ర సమస్యల ముప్పు 7.4 శాతం పెరుగుతుందని 2013లో మరో అధ్యయనం తేల్చింది.

అంటే ఆ గ్రంథులకు డోసు అందాలి, గుండెకు తగలకూడదు. ఫోటాన్లు, ఎలక్ట్రాన్లు కలిపి వాడటం ఇక్కడే అక్కరకొస్తుంది. 6 ఎంవీ ఫోటాన్ల ప్రభావం చర్మం కింద ఒకటిన్నర సెంటీమీటర్ల దగ్గర గరిష్ఠంగా ఉండి, తర్వాత మెల్లగా తగ్గుతూ శరీరం అవతలి దాకా పోతుంది. ఎలక్ట్రాన్లు అలా కాదు. 9 ఎంఈవీ ఎలక్ట్రాన్లు మూడు సెంటీమీటర్ల లోపు బలంగా పనిచేసి, నాలుగున్నర దగ్గర దాదాపు ఆగిపోతాయి. వెనకున్న గుండె, ఊపిరితిత్తి చాలావరకు తప్పించుకుంటాయి. కాకపోతే చర్మం ఎక్కువగా కమిలిపోతుంది. అందుకే ఛాతీ ఎముక పక్క భాగానికి కొంత డోసు ఫోటాన్లతో, కొంత ఎలక్ట్రాన్లతో ఇస్తారు. ఒకదాని లోపాన్ని మరొకటి సర్దుతుంది.

కష్టమంతా రెండు కిరణాలూ కలిసే అంచు దగ్గరే. ఎలక్ట్రాన్ల పుంజం లోపలికి వెళ్లేకొద్దీ పక్కలకు ఉబ్బుతుంది. అంచులు ఒకదానిపై ఒకటి పడితే అక్కడ డోసు మితిమీరి కండ గట్టిపడొచ్చు. మధ్యలో ఖాళీ మిగిలితే క్యాన్సర్ కణాలు బతికిపోవచ్చు. గ్రంథులు ఎంత లోతున ఉన్నాయో ఒక్కో మహిళకు సీటీ స్కాన్‌లో కొలవాలి. దీనికి నేర్పున్న మెడికల్ ఫిజిసిస్ట్, చాలినంత సమయం కావాలి.

వేరే దారులు లేవా? ఉన్నాయి. గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టిన క్షణంలో కిరణం ఇస్తే గుండె ఛాతీ గోడకు దూరం జరుగుతుంది. అప్పుడు చాలామందికి ఫోటాన్లే సరిపోతాయి. కానీ అందరూ అలా బిగబట్టలేరు. యంత్రం చుట్టూ తిరుగుతూ డోసు ఇచ్చే వీమ్యాట్ పద్ధతి మరో దారి. అందులో రెండో రొమ్ముకూ, రెండో ఊపిరితిత్తికీ తక్కువ మోతాదు రేడియేషన్ పాకుతుంది. చిన్న వయసు రోగుల విషయంలో ఇది ఆలోచించాల్సిన సంగతే. కాబట్టి ఎలక్ట్రాన్లు అందరికీ అవసరం కాకపోయినా కొందరికి అవే మేలు. రొమ్ము మొత్తం తొలగించాక పలచటి ఛాతీ గోడ మిగిలినవారు అలాంటివారే.

అసలు ప్రశ్న యంత్రాల కొనుగోలు దగ్గర మొదలవుతుంది. కోబాల్ట్ యంత్రాల్లో ఎలక్ట్రాన్లు రావు. బార్క్ రూపొందించిన స్వదేశీ భాభాట్రాన్ కూడా కోబాల్ట్ యంత్రమే. 6 ఎంవీ ఫోటాన్లు మాత్రమే ఇచ్చే లీనాక్‌లలోనూ, హాల్సియాన్ వంటి కొత్త యంత్రాల్లోనూ ఆ సదుపాయం లేదు. ఇవి ఎక్కువమందికి త్వరగా చికిత్స అందించగలవు. పది లక్షల జనాభాకు ఒక యంత్రమన్న ప్రమాణానికి ఇంకా దూరంగా ఉన్న దేశంలో అది చిన్న విషయం కాదు. కానీ ఒక ప్రాంతంలోని యంత్రాలన్నీ అలాంటివే అయితే, రోగికి ఏది మంచిదో తేల్చేది డాక్టరు కాదు, టెండరు.

ప్రతి ప్రాంతంలో కనీసం ఒక కేంద్రంలోనైనా రెండు రకాల కిరణాలూ ఇచ్చే లీనాక్, దాన్ని నడిపే ఫిజిసిస్టులు ఉండాలి. అవసరమైనవారిని అక్కడికి పంపే ఏర్పాటూ ఉండాలి. రోజుకు ఎంతమందికి చికిత్స చేశారన్న లెక్కతో పాటు గుండెకు సగటున ఎన్ని గ్రేలు తగిలిందో కూడా ఆసుపత్రులు నమోదు చేయాలి. ఆ అంకె ప్రతి రోగి ప్లానులో ఎలాగూ ఉంటుంది. దాన్ని అడిగి తెలుసుకునే హక్కు రోగికి ఉంది.