ఓనరు లేకపోతే ఆగిపోయే కంపెనీకి విలువెంత?

మన ఐటీ వాళ్ళలో కాస్త అనుభవం రాగానే సొంతంగా ఏదో ఒకటి పెట్టాలనే దురద చాలామందికి పుడుతుంది. మాదాపూర్లో కావచ్చు, న్యూజెర్సీలో కావచ్చు... పదిమందితోనో ముప్ఫైమందితోనో నడిచే కంపెనీలు మనవాళ్ళవి బోలెడున్నాయి. ఆ ఓనర్లలో ఎవర్నైనా "మీ కంపెనీ విలువెంతండీ?" అని అడిగి చూడండి. నిరుటి టర్నోవరు చెప్తారు. లేదంటే "మొన్నొకాయన ఇంతకి అడిగాడు, నేనే ఇవ్వనన్నా" అంటారు. నా ఉద్దేశంలో ఈ రెండూ విలువ కావు.

స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీకి రోజూ ఒక ధర కనపడుతుంది. తప్పో ఒప్పో, అది వేలమంది కలిసి కట్టిన ధర. ప్రైవేటు కంపెనీకి ఆ సదుపాయం లేదు. అందుకే అక్కడ అంకెలతో ఆడుకోవడం తేలిక. మనకి బాగా గుర్తుండే ఉదాహరణే ఉంది. 2008 డిసెంబరు 16న సత్యం కంపెనీ, రామలింగరాజు గారి కుటుంబం ప్రమోట్ చేసిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రాలను సుమారు 160 కోట్ల డాలర్లకి కొంటానంది. అందులో 130 కోట్లు మార్కెట్లో లిస్టు కాని మేటాస్ ప్రాపర్టీస్‌కే! మదుపరులు గొడవ చెయ్యడంతో కొద్ది గంటల్లోనే వెనక్కి తగ్గింది. లేని ఆస్తుల స్థానంలో నిజమైన ఆస్తుల్ని పెట్టడానికి అదే చివరి ప్రయత్నమని 2009 జనవరి 7 నాటి లేఖలో రాజుగారే రాశారు. బేరానికి రెండు వైపులా ఒకే కుటుంబం ఉంటే అది ధర ఎలా అవుతుంది?

మరి అసలు విలువ ఏది? సంబంధం లేని మూడోమనిషి కొనడానికి వస్తే ఆయన చూసేవి రెండే. ముందుముందు ఎంత మిగులుతుంది, ఆ మిగలడం ఎంత ఖాయం. రెండు కంపెనీలనుకుందాం, రెంటికీ ఏడాదికి కోటి రూపాయల లాభం. మొదటిదాంట్లో ముప్పాతిక ఆదాయం ఒకే అమెరికా క్లయింటుది, అదీ ఓనరు గారి పాత స్నేహం మీద వచ్చింది. రెండోదానికి ఇరవైమంది క్లయింట్లు, ఏటేటా రెన్యువల్ అయ్యే మెయింటెనెన్సు కాంట్రాక్టులు. మీరైతే రెంటికీ ఒకటే రేటు ఇస్తారా? లాభం ఒకటే, విలువ మాత్రం ఒకటి కాదు.

ఇక్కడే మన ఇంజనీర్ల పని వస్తుంది. సర్వర్ పాస్‌వర్డులు ఒకడి బుర్రలోనే ఉండటం, ఆ మాడ్యూలు ముట్టుకోవాలంటే ఫలానా వాడే రావాలి అనడం, డాక్యుమెంటేషన్ అడిగితే "తర్వాత చూద్దాంలే" అనడం... మనకిది రోజూ ఉండే చిరాకు. కొనేవాడికి మాత్రం అది ధర తగ్గించే కారణం. చాలామంది ఓనర్లు టెస్టింగు, డాక్యుమెంట్లు, ట్రైనింగు దండగ ఖర్చనుకుని కోసేస్తారు. ఆ ఏడాది లాభం పెరిగినట్టే కనిపిస్తుంది, కంపెనీ విలువ మాత్రం లోపల్నించి తరిగిపోతుంది.

"చిన్న కంపెనీకి ఓనరు మొహమే కదండీ పెట్టుబడి" అంటారు. మొదట్లో నిజమే. పదేళ్ళ తర్వాత కూడా ప్రతి కొటేషనూ ఆయనే చూడాలంటే అది వ్యాపారం కాదు, జీతం ఎక్కువున్న ఉద్యోగం. అమ్మడానికి ఉద్యోగం ఎవరు కొంటారు?

జోహో సంగతి చూడండి. 1996లో అడ్వెంట్‌నెట్‌గా మొదలై, 2009లో పేరు మార్చుకుంది. బయటి పెట్టుబడి జోలికి పోకుండా, అమ్మకాల్లో వచ్చిన డబ్బుతోనే పెరిగింది. 2025 జనవరిలో శ్రీధర్ వెంబు సీఈఓ కుర్చీ వదిలి చీఫ్ సైంటిస్టుగా మారారు, శైలేష్ కుమార్ దవే గ్రూప్ సీఈఓ అయ్యారు. దానివల్ల కస్టమర్ల పనేమీ ఆగలేదు. విలువ పెంచడమంటే నా దృష్టిలో ఇదీ!

ఇది ఓనర్ల గొడవ, మనకెందుకులే అనుకోకండి. చిన్న కంపెనీలో జీతం తగ్గించుకుని స్టాక్ ఆప్షన్లు తీసుకునేవాళ్ళు మనలోనే ఉన్నారు. చట్టప్రకారం ప్రైవేటు కంపెనీ వాటాల బదిలీ మీద ఆంక్షలుంటాయి, నచ్చనప్పుడు మార్కెట్లో అమ్ముకుని బయటపడలేం. కాబట్టి ఆఫర్ లెటర్లో ఉన్న అంకె చూసి మురిసిపోయే ముందు మూడు ప్రశ్నలడగండి: అతిపెద్ద క్లయింటు వాటా ఎంత? ఏటా దానంతటదే వచ్చే ఆదాయమెంత? ఓనరు రెండు నెలలు ఫోను ఆపేస్తే ఏమవుతుంది?

మూడోదానికి "అమ్మో, ఇంకేమన్నా ఉందా!" అని జవాబొస్తే, జీతమే ఎక్కువ అడగండి. ఏమంటారు?