దానికి బొచ్చేదీ?

పోయిన కార్తీకంలో మా అపార్ట్‌మెంట్ వాళ్ళమంతా ఊరి చివర తోటకి వనభోజనాలకి వెళ్ళాం. ఉసిరిచెట్టు కింద విస్తళ్ళు వేస్తుంటే మా చిన్నది ఒకటే కేక. గట్టు మీద జిల్లేడు ఆకుని చిటికెనవేలంత పురుగొకటి తింటోంది. ఒంటినిండా నలుపు తెలుపు చారలు, మధ్యమధ్య పసుపు చుక్కలు, వీపు మీద మూడు జతల నల్లటి కొమ్ములు. "అమ్మో, గొంగళిపురుగు! దురద పెడుతుంది" అంటూ పక్క ఫ్లాట్ వదినగారు చెప్పు తీశారు.

"దానికి బొచ్చేదీ?" అంది మా చిన్నది.

బి.ఏ. తెలుగు చదివానన్న మాటేగానీ, నాకు అప్పుడే వెలిగింది. గొంగళి అంటే కంబళి కదా! ఒళ్ళంతా బొచ్చు కప్పుకున్నదే గొంగళిపురుగు. మునగచెట్టు మొదలుకి గుంపులుగా పట్టేవి అవే. ఓ ఏడాది వాటి బొచ్చు తగిలి మా అబ్బాయికి దద్దుర్లొచ్చి రెండు రాత్రులు ఇంటిల్లిపాదికీ నిద్ర లేదు. ఆ కోపంతో పాకే ప్రతిదాన్నీ శత్రువు కిందే జమకట్టేశాను.

"ఉండండి వదినగారూ" అని ఫోటో తీసుకున్నాను. ఇంటికొచ్చి 'చారల పురుగు' అని వెతికితే వంద రకాలొచ్చాయి. 'జిల్లేడు' అని కలిపితే వెంటనే దొరికింది. ప్లెయిన్ టైగర్ అట. జిల్లేడు పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది కాబట్టి పిట్టలు దాని జోలికి పోవు. మనం రోజూ చూసే నారింజరంగు సీతాకోకచిలుక, రెక్కల చివర నలుపు, అందులో తెల్ల చుక్కలు ఉంటాయే, అదే ఇది!

అందుకే నేననేది, పురుగు కనబడితే ముందు అది ఏ ఆకు తింటోందో చూడండి. మొక్క తెలిస్తే సగం గుర్తుపట్టినట్టే. చేత్తో మాత్రం ముట్టుకోవద్దు, బొచ్చు లేకపోయినా ముళ్ళున్నవి ఉంటాయి. జిల్లేడు పాలు పిల్లల కళ్ళలో పడితే మరీ ప్రమాదం.

ఇంకో మాట, చెప్పడానికి సిగ్గుగానే ఉంది. మా కరివేపాకు మొక్క మీద పిట్టరెట్టలా ఉండి, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారే పురుగుల్ని ఏళ్ళతరబడి ఏరి చంపాను. అవీ సీతాకోకచిలుకలేనట. మళ్ళీ నేనే, బాల్కనీలోకి ఒక్క సీతాకోకచిలుకా రావట్లేదని అందరి దగ్గరా వాపోయేదాన్ని.

ఈసారి మూడింటిని వదిలేశాను. పోపులోకి రెబ్బ కరివేపాకు లేదని మా అత్తగారు పొద్దుటినుంచీ సణుగుతూనే ఉన్నారు.