బాట ప్రక్కని పేర్లు

రోమనుల సమాధులను గూర్చి ప్రస్తావన వచ్చినప్పుడెల్ల నీతివాదులు ఒకే మాట చెప్పుచుందురు: అవి అహంకారానికి కట్టిన గోపురాలట. ప్రశాంతంగా నిద్రింపవలసిన మృతుడు రాచబాట ప్రక్కకు వచ్చి, దారిని పోయే బాటసారిని నిలిపి, తన పేరు చదువుమని నిర్బంధించడంకంటె ఆడంబరం వేరే ఏమున్నదని వారి ప్రశ్న. వినడానికి ఇంపైన వాదమే. కాని ఇది కడుపు నిండినవాని వాదం.

ఊరి వెలుపలికి పోవడం రోమనులు కోరి ఎంచుకొన్నది కాదు. క్రీ. పూ. 5వ శతాబ్ది నాటి ద్వాదశ ఫలకాల శాసనం నగరంలో శవాన్ని పూడ్చరాదనీ, కాల్చరాదనీ విధించింది. ఊరు దాటిన పిమ్మట జనసంచారం ఉండేది బాటల మీదనే. క్రీ. పూ. 312లో అప్పియస్ క్లాడియస్ వేయించిన మార్గానికి ఇరువైపులా సమాధులు లేచినది ఇందువల్లనే. లోకం తన్ను మరువరాదని కోరుకొన్నవానికి అంతకంటె తగిన చోటు దొరకదు.

ఇక ఆ పేర్లు ఎవరివి? సిసీలియా మెటెల్లా వంటి కులీనుల గోపురాలు ఉన్న మాట నిజమే. కాని రోములో దొరికిన సమాధి లేఖనాలలో ఎన్నో బానిసత్వంనుండి విముక్తులైనవారివి. చట్టం దృష్టిలో బానిసకు తండ్రి లేడు, వివాహం లేదు. అటువంటివాడు స్వేచ్ఛ పొంది, భార్యాబిడ్డల పేర్లను తన పేరు సరసన రాతిమీద చెక్కించుకొంటే దానిని డంబమనడం న్యాయమా? పోర్టా మజ్జోరె ద్వారం వద్ద రొట్టెల వర్తకుడు యూరిసేసెస్ సమాధి నేటికీ నిలిచి ఉన్నది. అతడు దానిమీద యుద్ధవిజయాలను చెక్కించలేదు. పిండి విసరడం, పిసకడం, రొట్టెలు కాల్చి తూయడం చెక్కించినాడు.

ధనహీనులు సంఘాలుగా కూడినారు. లనువియం పట్టణంలోని ఒక సంఘం నియమాలు క్రీ. శ. 136 నాటి శిలాశాసనంలో ఉన్నవి. సభ్యుడు చేరేటప్పుడు 100 సెస్టర్సులు, ఒక కూజా మంచి ద్రాక్షసారాయం ఇవ్వవలెను. ఆపైన నెలకు 5 అస్సులు. మరణించినప్పుడు అంత్యక్రియలకు 300 సెస్టర్సులు. సభ్యులలో బానిసలు కూడ ఉన్నారు. యజమాని శవాన్ని ఇవ్వ నిరాకరిస్తే, చనిపోయిన బానిస ప్రతిమకైనా క్రియలు జరుపవలెనని ఆ శాసనం చెప్పుతున్నది.

ఇంత ఆరాటం ఎందుకు? క్రీ. పూ. 71లో స్పార్టకస్ తిరుగుబాటును అణచిన పిమ్మట, కాపువానుండి రోము దాక బాట పొడవునా 6,000 మందిని శిలువ వేసినారని చరిత్రకారుడు అప్పియన్ వ్రాసినాడు. వారి పేరున ఆ బాటపై ఒక్క రాయి లేదు. పేరు లేని చావు ఎటువంటిదో బానిసలకు తెలియును.

బానిసను పూడ్చిన చోటు సైతం పవిత్రస్థలమేనని రోమన్ ధర్మశాస్త్రం ఒప్పుకొన్నది. బ్రతికినంతకాలం వస్తువుగా లెక్కకు వచ్చినవానికి మట్టిలో చేరిన తరువాతనే ఆ మాత్రపు మర్యాద దక్కింది. నిందింపదగిన అహంకారం ఆ యేర్పాటులో ఉన్నది. బాట ప్రక్కన పేరు చెక్కించుకొన్నవాడు కోరినది చాల స్వల్పం: దారిని పోయే మనిషి తన్ను కూడ మనిషిగా ఒక్కసారి చదువవలెనని.