గర్భిణికి జేసీబీయే దిక్కా?

మట్టి తవ్వే జేసీబీ మన దగ్గర ఎన్ని పనులకొస్తోందో! ఊరేగింపుల్లో నాయకుల మీద పూలు కురిపిస్తుంది. వరదొస్తే ప్రాణాలూ నిలబెడుతుంది. 2024 సెప్టెంబరులో ఖమ్మంలో మున్నేరు వంతెనపై చిక్కుకున్న తొమ్మిది మందిని ఒడ్డుకు చేర్చింది జేసీబీయే. ఆ డ్రైవరు తెగువకు చేతులెత్తి మొక్కాల్సిందే.

కానీ 2022లో మధ్యప్రదేశ్‌లోని నీమచ్ జిల్లాలో ఓ గర్భిణిని కూడా వరదలో జేసీబీలోనే ఆసుపత్రికి తరలించాల్సి వచ్చింది. మనుషుల్ని మోయడానికి చేసిన బండి కాదది. దాని బకెట్లో సీటుండదు, పట్టుకోవడానికి ఊతముండదు. నొప్పులు పడుతున్న తల్లి ఆ కుదుపులెలా ఓర్చుకుంటుంది?

సాయం చేసినవాళ్లను మెచ్చుకుందాం. అక్కడితో ఊరుకోవద్దు. మన వాగు మీద వంతెన ఏదని వానలకు ముందే అడుగుదాం. ఆ జేసీబీతోనే దానికి పునాది తవ్వించమందాం. ఏమంటారు?